బొరుసు లేని రూపాయి

ఆ రోజుల్లో రూపాయి బిళ్ళను ఖర్చు పెట్టేవారే తప్ప తిప్పి చూసేవారు లేరు. ఇప్పుడు అందరూ తిప్పి చూస్తున్నారు. వారానికి ఇద్దరైనా నాకు ఫోన్ చేసి, “అన్నా, నా కాడ అమ్మవారి బొమ్మ ఉండే ఐదు రూపాయల బిళ్ళ ఉండాది. పది లక్షలంట గదా, ఫోన్లో సూపిచ్చినారు” అంటారు. “దాంతో టీ కూడా రాదప్పా, ఇంకో ఐదు కలుపుకో” అంటాను. వాళ్ళు నొచ్చుకుంటారు. నేను అసూయకొద్దీ అబద్ధం చెబుతున్నానని కొందరి అనుమానం. నిజానికి వాళ్ళను చూసి నవ్వే అర్హత నాకు లేదు. ఇరవై రెండేళ్ళ వయసులో నేను వాళ్ళకంటే పెద్ద పిచ్చివాణ్ణి. ఒక చెల్లని రూపాయి కోసం మా జట్టును, మా అన్నను, నా ఉద్యోగాన్ని ఒకే ఉదయం పణంగా పెట్టాను. ఆ కథ చెప్పమని నలుగురిలో నన్ను ఎగదోసేవాడు ఒకడుండేవాడు. నేను మొదలుపెట్టగానే మధ్యలో అందుకుని తనకు కావలసినట్టు మార్చేసేవాడు. ఇప్పుడు మార్చేవాడు లేడు. కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అప్పట్లో ఆదోనిలో ఒక వెండి అంగట్లో నేను గుమాస్తాను. (గుమాస్తా అనేది నేను ఇంట్లో చెప్పుకున్న మాట. పొద్దున అంగడి ఊడ్చడం, తక్కెడ తుడవడం, మధ్యాహ్నం యజమానికి ఇంటి నుంచి క్యారియర్ తేవడం నా పనులు.) పత్తి అమ్ముకున్న రైతులు మార్కెట్ యార్డు నుంచి నేరుగా మా వీధికి వచ్చేవారు. తుగ్గలి వైపు నుంచి, హాలహర్వి వైపు నుంచి ఆడవాళ్ళు పాత కడియాలు, ముత్తవ్వల నాటి వెండి రూపాయలు కొంగున కట్టుకొచ్చి, వాటిని ఇచ్చి కొత్త పట్టీలు చేయించుకునేవారు. పాత రూపాయి చేతికి రాగానే మా యజమాని ఉలి తీసుకుని దాని అంచున ఒక గాటు పెట్టేవాడు. లోపల రాగి ఉందేమో చూడడానికి. అది వాళ్ళ నాన్న నేర్పిన పద్ధతి. గాటు తర్వాత తక్కెడ, తక్కెడ తర్వాత మూస. నూరేళ్ళు చేతులు మారిన రూపాయి పది నిమిషాల్లో కరిగి నీళ్ళయ్యేది. ఆ ఉలి దెబ్బ పడినప్పుడల్లా నాకు పన్ను పీకినట్టుండేది.

అందుకు కారణం స్టేషన్ దగ్గర తోపుడుబండి మీద కొన్న ఒక పాత పుస్తకం. అట్ట లేదు, మొదటి ఇరవై పేజీలు లేవు. నాణేలు సేకరించేవారి కోసం రాసిన ఇంగ్లీషు పుస్తకమది. నిఘంటువు పక్కన పెట్టుకుని ఏడాది పాటు చదివాను. అందులో రెండు సంగతులు నా తలకెక్కాయి. ఒకటి, నాణేన్ని ఎన్నడూ రుద్దకూడదు, తుడవకూడదు, దానికి పట్టిన నలుపే దాని వయసుకు సాక్ష్యం. (ఇది చదివేనాటికి నేను పదకొండు నాణేలను చింతపండుతో తోమి తళతళలాడించి ఉన్నాను. పుస్తకం మూసి కాసేపు గోడవైపు చూస్తూ కూర్చున్నాను.) రెండోది, టంకశాలలో తప్పు పడిన నాణేలకు మంచి నాణేల కంటే ఎక్కువ గిరాకీ. మనుషుల విషయంలో నేనెక్కడా చూడని న్యాయం నాణేల విషయంలో ఉందని తెలిసి నాకు చాలా ధైర్యం వచ్చింది.

అప్పటికి నా సంపద ఒక్కటే. ఆదోనిలో ఒక ముసలి సాయిబు, వాళ్ళ తాత బొంబాయి రేవులో పనిచేసినప్పుడు తెచ్చినదంటూ ఒక పెద్ద వెండి బిళ్ళను మా అంగడికి తెచ్చాడు. అమెరికా దేశపు వెండి డాలరు. ఒక పక్క జుట్టు విరబోసుకున్న ఆడమనిషి తల, మరో పక్క రెక్కలు చాచిన గద్ద. యజమాని ఉలి ఎత్తాడు. నేను అడ్డంగా చెయ్యి పెట్టాను. “రెండు నెల్ల జీతం ఇయ్యొద్దప్పా, ఇది నాకియ్యి” అన్నాను. ఆయన నా చేతినీ ఉలినీ మార్చి మార్చి చూసి, “నీ పెండ్లప్పుడు మీ మామకు ముందే సెప్పాల నీ సంగతి” అని ఇచ్చేశాడు. ఆ డాలరును చేతిరుమాలులో చుట్టి చొక్కా లోపలి జేబులో పెట్టుకు తిరిగేవాణ్ణి. నడుస్తుంటే గుండె మీద కొట్టుకునేది. నా వయసువాళ్ళ జేబుల్లో అప్పుడు వేరే ఫోటోలుండేవి.

ఇక క్రికెట్ సంగతి. మా పెద్దనాన్న కొడుకు, నేను అన్నా అని పిలిచేవాడు, జిన్నింగ్ మిల్లులో పని చేస్తూ ఒక జట్టు నడిపేవాడు. నేను ఆ జట్టులో స్కోరు రాసేవాణ్ణి. (ఒకసారి ఆడించారు. ఆ తర్వాత పెన్ను ఇచ్చారు.) ఏటా ఎండలు ముదరకముందే ఎమ్మిగనూరులో టోర్నమెంటు జరిగేది. ఆ ఊరి జట్టు కెప్టెన్ ఒక నేతగాడు. పొడుగ్గా, ఎప్పుడూ నవ్వుతూ ఉండేవాడు. చుట్టుపక్కల అందరూ అతన్ని బొమ్మన్న అనేవారు, ఎందుకంటే టాసులో ఎప్పుడూ బొమ్మే అడిగేవాడు, ఎప్పుడూ బొమ్మే పడేది. మూడేళ్ళలో అతను టాస్ ఓడిపోయింది లేదు. ఆ మైదానంలో టాస్ అంటే సగం మ్యాచి. పొద్దున బ్యాట్ పట్టినవాళ్ళు హాయిగా ఆడేవాళ్ళు. మధ్యాహ్నం గాలి లేచి మట్టి కళ్ళలో కొట్టేది. రెండో బ్యాటింగ్ అంటే కళ్ళు మూసుకుని ఆడడమే.

టాసుకు అక్కడ ఒక మర్యాద ఉండేది. రూపాయి ఆ ఊరివాళ్ళది, ఎగరేసే చెయ్యి వచ్చినవాళ్ళది, అడిగే నోరు బొమ్మన్నది. “మీరు మా ఊరికి వచ్చినోళ్ళు, మీరే ఎగరెయ్యల్ల” అని, వాళ్ళ అవ్వ నాటి వెండి రూపాయిని తానే తీసి ఎదుటివాడి బొటనవేలి మీద పెట్టేవాడు, తాంబూలం ఇచ్చినంత పద్ధతిగా. మనం ఎగరేసిన బిళ్ళే కదా, మోసమెక్కడుందని ఎవరు మాత్రం అనుకుంటారు? పడగానే తానే వంగి తీసి, మట్టి ఊది, జేబులో వేసుకునేవాడు.

ఆ ఏడాది లీగులో మొదటి మ్యాచిలోనే మేము వాళ్ళతో ఓడిపోయాం. టాసప్పుడు స్కోరు పుస్తకం పట్టుకుని నేను అన్న పక్కనే ఉన్నాను. రూపాయి వచ్చి నా చెప్పు పక్కన పడింది. బొమ్మన్న వంగేలోపు ఒక్క క్షణం చూశాను. కిరీటం లేని బోడి తల రాజు. మా అంగట్లో రోజూ చూసే రూపాయే. కానీ ఆ రాజు ఎప్పుడూ కుడివైపు చూస్తాడు. ఈ రాజు ఎడమవైపు చూస్తున్నాడు. పైగా ముఖం ఉబ్బుగా లేదు, గుంట పడి ఉంది, తడి మట్టిలో ముఖం పెట్టి తీసినట్టు.

ధ్యాస ఆ రాజు మీదే ఉండడంతో, ఆ రోజు నేను రాసిన స్కోరులో మా జట్టుకు పన్నెండో వికెట్ కూడా పడింది. ఇంటికి వచ్చి పుస్తకం తెరిచాను. ఉంది. టంకశాలలో అచ్చు వేసిన బిళ్ళ ఒక్కోసారి కింద పడకుండా అచ్చుకే అతుక్కుని ఉండిపోతుంది. తర్వాతి బిళ్ళకు ఒక పక్క అసలు అచ్చు, ఇంకో పక్క ఆ అతుక్కున్న బిళ్ళ తగులుతాయి. అప్పుడు రెండు పక్కలా ఒకే తల పడుతుంది, ఒక పక్క ఉబ్బుగా, ఇంకో పక్క గుంటగా, తిరగబడి. అంటే దానికి బొరుసు లేదు. వెండి రూపాయల్లో అలాంటివి బహు అరుదు అని పుస్తకం చెబుతోంది. అరుదైన వస్తువు ఎమ్మిగనూరులో ఒక నేతగాడి ప్యాంటు జేబులో, తాళంచెవులతో కలిసి రాసుకుంటూ ఉంది. నాకు అన్నం సహించలేదు.

మేము మిగతా జట్లను ఓడించి మళ్ళీ ఫైనల్లో బొమ్మన్న జట్టుకే ఎదురుపడ్డాం. మా అన్నకు సంగతి చెప్పడం ధర్మం. కానీ మా అన్నకు కోపం ముందు, మాట తర్వాత. బ్యాటుతో నాలుగు తగిలిస్తాడు, గొడవలో ఎవడో ఆ రూపాయిని మైదానం పక్క ముళ్ళ కంపల్లోకి విసిరేస్తాడు. జట్టుకు జరిగిన అన్యాయం కంటే ఆ కంపలే నన్ను భయపెట్టాయి. (ఇది ఒప్పుకోవడానికి ఇన్నేళ్ళు పట్టింది.) కాబట్టి ఎవరికీ చెప్పకుండా, అంగడి సొరుగులో ఇంకా గాటు పడని బోడి తల రూపాయి ఒకటి వెతికి, శనివారం సాయంత్రం జేబులో వేసుకున్నాను. సోమవారం పొద్దున యజమాని తూకం వేసేలోపు మళ్ళీ పెట్టేయాలి. లేకపోతే నాకు దొంగ అన్న పేరు వస్తుంది.

ఆదివారం మైదానంలో, “టాస్ ఈసారి నేనేస్తానన్నా” అన్నాను.

“నువ్వెందుకురా?”

“నా సెయ్యి మంచిది.”

“ఆ సెయ్యితోనే గదరా నాలుగు క్యాచులు ఇడిసిపెట్టినావు!” అని అందరూ నవ్వారు. కానీ మూడేళ్ళుగా అందరి చేతులూ విఫలమయ్యాయి కాబట్టి, ఓడేదెట్లాగూ ఓడతాం అనుకుని పంపారు.

అంపైరు ఒక బడిలో డ్రిల్లు మాస్టరు. బొమ్మన్న ఎప్పటిలాగే రూపాయి తీసి నా బొటనవేలి మీద పెట్టబోయాడు. నేను కుడి చెయ్యి పైన, ఎడమ చెయ్యి కింద పెట్టి రెండూ చాచాను. “పెద్దల నాటి వెండి గదన్నా, ఒకసారి కండ్లకద్దుకోనీ” అన్నాను. మా వైపు వెండి అంటే లక్ష్మి. వద్దని ఎవరంటారు? అతను అరచేతిలో వేశాడు. అసలు పథకం ఏమిటంటే, కళ్ళకద్దుకుని చేతులు దించేటప్పుడు ఎడమ అరచేతిలో దాచుకున్న అంగడి రూపాయిని పైకి తెచ్చి, దీన్ని జేబులోకి జార్చడం. ఇంట్లో రెండువందల సార్లు అభ్యాసం చేశాను. కానీ ఆ నాణెం మొదటిసారి చేతిలో పడేసరికి నాకు పథకం గుర్తుకు రాలేదు. బొటనవేలితో ఆ గుంట తలను తడిమాను. చెవి, గడ్డం, మెడ, అన్నీ లోపలికి ఉన్నాయి. అలా ఎంతసేపున్నానో తెలియదు.

“ఏమప్పా, పెండ్లి సూపులా?” అన్నాడు డ్రిల్లు మాస్టరు.

గబుక్కున కళ్ళకద్దుకుని, చేతులు దించి, అంగడి రూపాయిని ఎగరేశాను. అది గాల్లో తిరుగుతూ ఉండగా అప్పుడు తట్టింది నాకు. మంచి రూపాయి కూడా బొమ్మే పడవచ్చు! రెండు వారాల ఆలోచనలో, రెండువందల సార్ల అభ్యాసంలో ఈ ముక్క ఒక్కసారి తట్టలేదు. బొమ్మన్న “బొమ్మ” అన్నాడు, ఆవలింత మధ్యలో అన్నట్టు. అంటూనే తన బ్యాటర్ల వైపు తిరిగి ప్యాడ్లు కట్టుకొమ్మని సైగ చేశాడు.

రూపాయి పడింది. పువ్వుల అంచు, మధ్యలో అక్షరాలు. బొరుసు.

నేను జీవితంలో చాలా ముఖాలు చూశాను. ఆ ముఖం మళ్ళీ చూడలేదు. బొమ్మన్న వంగి రూపాయి తీశాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు, మళ్ళీ ఇటు తిప్పాడు. ఒక నాణేనికి రెండు పక్కలా రెండు రకాలుగా ఉండడం చూసి ఆశ్చర్యపోయిన మనిషి లోకంలో అతనొక్కడే.

“మళ్ళీ ఏద్దాం” అన్నాడు.

“ఎందుకు?” అన్నాడు డ్రిల్లు మాస్టరు.

బొమ్మన్న నోరు తెరిచాడు. ఇది నా రూపాయి కాదు అనాలి. ఎట్లా తెలుసు అని అడుగుతారు. నా రూపాయికి బొరుసు ఉండదు అనాలి. నోరు మూశాడు. నావైపు చూశాడు. నేను చంకలోని స్కోరు పుస్తకం తెరిచి అందులోకి చూశాను.

పొద్దున్నే బ్యాట్ పట్టి మా అన్న చెలరేగిపోయాడు. మధ్యాహ్నం గాలి తన పని తాను చేసింది. ఎమ్మిగనూరు బ్యాటర్లు ఒక చేత్తో కళ్ళు తుడుచుకుంటూ, ఒక చేత్తో బ్యాటు ఊపుతూ వరసగా వెనక్కి వెళ్ళారు. మావాళ్ళు షీల్డు ఎత్తుకుని మైదానమంతా తిరిగారు. మా అన్న నన్ను భుజాన ఎత్తుకున్నాడు. ఆ ఎగిరే సంబరంలో నేను రెండు చేతులతో నా జేబు పట్టుకుని ఉన్నాను.

గోల సద్దుమణిగాక బొమ్మన్న ఒక్కడే నా బల్ల దగ్గరకు వచ్చాడు. అతను కోపంగా లేడు, కుతూహలంగా ఉన్నాడు.

“నా రూపాయి ఇయ్యి” అన్నాడు.

“నా రూపాయి నీ కాడ ఉండాదన్నా. రేపు పొద్దున్నకు అది అంగట్లో లేకపోతే నా పని అయిపోతాది.”

“సెల్లే రూపాయి నాకిచ్చి సెల్లనిది నువ్వు తీసుకోని కూసున్నావు. నీకేమన్నా పిచ్చా?”

“నీ రూపాయికి బొరుసు లేదన్నా.”

అతను చుట్టూ చూశాడు. “మెల్లగా సెప్పు. మీ అన్నకు సెప్పినావా?”

“సెప్పింటే ఈపాటికి నీకు పండ్లు ఉండేటివి కాదు.”

అతను నాలుకతో పండ్లు తడుముకుని, “అదీ నిజమే” అన్నాడు. నేను ధైర్యం తెచ్చుకుని, “ఇది నాకు అమ్ముతావా?” అని అడిగాను. “నాది కాదు, మా అవ్వది. ఇంటికి రా” అన్నాడు.

వాళ్ళ ఇంట్లో నడవలో మగ్గం, పక్కన రాట్నం దగ్గర కూర్చుని అవ్వ నూలు చుడుతోంది. ఆ రూపాయి కోసం ఒక మనిషి ఆదోని నుంచి వచ్చాడంటే ఆమె నమ్మలేదు. “అది మా అమ్మకు సీర నేసినందుకు ఇచ్చినారు నాయనా. అంగట్లో ఇస్తే ఎనక్కిచ్చినారు. ఆకువక్క అమ్మేదామె తీసుకోలే. తీసుకపోయి దేవుని హుండీలో ఏసింటే, పూజారి ఇంటికొచ్చి ‘ఇది నీదే గదమ్మా’ అని ఇచ్చిపోయినాడు. దేవుడు గూడా వద్దన్న రూపాయి. ఈ నా మనవడొక్కడు తీసుకున్నాడు, ఆటకు పనికొస్తాదని.”

మోసం చేసి తీసుకెళ్ళడం నాకు ఇష్టం లేదు. ఆ రోజుకు ఒక్క మోసం చాలు. “అవ్వా, ఇది తప్పు పడిన రూపాయి. అందుకే దీనికి చానా రేటు ఉంటాది” అన్నాను.

“ఎంత?”

“నాకూ తెలీదవ్వా.”

“తెలీని రేటుకు కొంటాండావా?” అని ఆమె రాట్నం ఆపి మరీ నవ్వింది. బొమ్మన్న కూడా నవ్వాడు. “పుస్తకాలు సదివి సెడిపోయినాడవ్వా” అన్నాడు. నా దగ్గర డబ్బు లేదు. ఉన్నది ఒక్కటే. చొక్కా లోపలి జేబులోంచి రుమాలు తీసి విప్పాను. డాలరును అవ్వ చేతిలో పెట్టాను. పెట్టిన చెయ్యి వెనక్కి తీసుకోవడానికి కాస్త సమయం పట్టింది.

అవ్వ బరువు చూసింది. ఆమె రూపాయి తులం ఉంటే ఇది రెండు తులాల పైమాటే. తర్వాత దాన్ని వెలుతురులోకి పట్టుకుంది. “ఎవరీ అమ్మ?”

“అమెరికా దేశపు బిళ్ళ అవ్వా. వాళ్ళ దేవత లాంటిది.”

“ముక్కుపుడక లేదే. జుట్టు బాగుండాది గాని, నూనె పెట్టక ఎన్నాళ్ళయిందో పాపం.” మనవడి వైపు తిరిగింది. “ఉలి తేరా, గాటు పెట్టి సూద్దాం.”

నేను నిజంగానే ఆమె కాళ్ళు పట్టుకున్నాను. చివరికి ఆమె దాన్ని రోలు అంచు మీద వేసి మోగించి చూసింది. ఖంగుమంది. బొమ్మన్న దాన్ని అందుకుని ఈ పక్క చూశాడు, ఆ పక్క చూశాడు. అతని కళ్ళలో ఏదో మెరిసింది. “సరేలే అవ్వా, ఇచ్చేద్దాం. పాపం, అంత దూరం నుంచి వచ్చినాడు” అన్నాడు, అవసరానికి మించిన తొందరతో. ఆ తొందర ఏమిటో నాకు తర్వాత తెలిసింది. అంగడి రూపాయి నాకిచ్చాడు. బొరుసు లేని రూపాయి నాదయింది. ఆదోనికి తిరిగి వస్తున్న బస్సులో అందరూ షీల్డును ఒళ్ళో మార్చి మార్చి పెట్టుకున్నారు. ఆ బస్సులో నా అంత గెలిచినవాడు లేడు. “నా జాతకం తిరిగింది, టాస్ గెలిచినాం” అని మా అన్న ఊరంతా చెప్పాడు, ఇప్పటికీ చెబుతాడు. (అన్నా, ఇది చదివితే నన్ను క్షమించు. పండ్ల జోలికి మాత్రం రావద్దు, నాకిప్పుడు అవి తక్కువే ఉన్నాయి.)

సోమవారం సొరుగులో రూపాయి పెట్టి, యజమానికి అంతా చెప్పేశాను. ఆయన కోపం తెచ్చుకుందామనుకుని నవ్వు ఆపుకోలేకపోయాడు. “రెండు తులాల పైన ఎండి ఇచ్చి తులం ఎండి తెచ్చినావు, అదీ సెల్లనిది! రెండు నెల్ల జీతం నీళ్ళపాలు!” అన్నాడు. ఆ వారమంతా వీధిలోని అంగళ్ళవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి నన్ను చూసి పోయారు. మూడు నెలలు భరించాను. తర్వాత బళ్ళారిలో పాత నాణేలు కొనే ఒక పెద్దాయన ఉన్నాడని తెలిసి, యజమాని వెండి పని మీద వెళ్తుంటే నేనూ వెంట వెళ్ళాను. పెద్దాయన భూతద్దంలో ఒక పక్క చూశాడు. తిప్పాడు. భూతద్దం తీసి, పంచెతో తుడిచి, మళ్ళీ చూశాడు. “ఎల్లి సిక్తు?” అన్నాడు, ఎక్కడ దొరికిందని. చెప్పాను. ఆయన కాగితం మీద ఒక అంకె రాసి మా ఇద్దరి ముందుకు జరిపాడు.

మా యజమాని ఆ అంకె చదివి, “కిలోకా?” అని అడిగాడు.

“ఈ ఒక్కదానికి.”

యజమాని మంచినీళ్ళు అడిగాడు. నేను అమ్మనని చెప్పాను. ఆయన ఇంకో చెంబు అడిగాడు. మర్నాడు అంగడి తెరవగానే ఉలిని తీసి పెట్టె అడుగున పెట్టాడు. “ఇంగ మీద పాత రూపాయి ఏదొచ్చినా ముందు నువ్వు సూడు. నువ్వు సరేనంటేనే గాటు” అన్నాడు. నవ్విపోయిన అంగళ్ళవాళ్ళు కూడా సాయంత్రాలు తమ పాత బిళ్ళలు రుమాళ్ళలో కట్టుకుని నా దగ్గరకు రావడం మొదలుపెట్టారు. నా బతుకుతెరువు అక్కడ మొదలైంది. ఆ తర్వాత ఎన్నో వెండి డాలర్లు కొన్నాను, అమ్మాను. తప్పు పడిన నాణేలు దేశమంతా తిరిగి మార్చుకున్నాను. ఊడ్చే పని మాత్రం ఆ రోజుతో తప్పింది.

అంకె తెలిశాక నాకు ఊరికే ఉండబుద్ధి కాలేదు. రూపాయి తీసుకుని ఎమ్మిగనూరు వెళ్ళాను, కావాలంటే తిరిగి ఇచ్చేద్దామని. (బస్సులో సగం దూరం వరకు ఈ మంచితనం గట్టిగానే ఉంది. ఆ తర్వాత కాస్త పలచబడింది.) మైదానంలో మ్యాచి మొదలవుతోంది. వచ్చిన జట్టు కెప్టెన్ డాలరు ఎగరేశాడు. బొమ్మన్న బొమ్మ అన్నాడు. గద్ద పడింది. “బొరుసు పడె, మేమే గెలిచినాం” అని వాళ్ళు. బొమ్మన్న ఎంతో ఓపికగా చెబుతున్నాడు, “సూడప్పా. ఆ పక్క ఆయమ్మ బొమ్మ. ఈ పక్క గద్ద బొమ్మ. దీంట్లో బొరుసు యాడుండాదో నువ్వే సూపియ్యి.”

ఇంటికి వెళ్ళి అవ్వకు అంకె చెప్పాను. రూపాయిని ఆమె ముందు పెట్టాను. ఆమె దాన్ని ఒకసారి తిప్పి చూసింది. “మా ఇంట్లో మూడు తరాలు సెల్లలేదు నాయనా. నీ సేతికొచ్చినంక సెల్లింది. నీ కాడే ఉండనీ” అంది. బొమ్మన్న నా భుజం మీద చెయ్యి వేసి, “నాకు ఆయమ్మ సాలురా” అన్నాడు. అప్పటి నుంచి ముప్పై ఐదేళ్ళు, నెలకొకసారైనా నేను అక్కడో అతను ఇక్కడో. ప్రతిసారీ ఒకటే ప్రశ్న: “నా రూపాయి ఎట్లుండాది? రేటు పెరిగిందా?”

నాలుగు నెలల కింద బొమ్మన్న చనిపోయాడు. గుండె. మగ్గం దగ్గరే. నేను వెళ్ళేటప్పుడు ఎందుకో ఆ రూపాయిని చొక్కా లోపలి జేబులో వేసుకున్నాను. మా వైపు చనిపోయినవారి నుదుటి మీద తడి విభూతితో ఒక రూపాయి బిళ్ళ అతికిస్తారు. గుంతలోకి దించే ముందు దాన్ని తీసి గుంత తవ్విన మనిషికి ఇస్తారు. పెద్దవాళ్ళు రూపాయి బిళ్ళ అడిగారు. అంతమంది జేబులు తడుముకున్నారు. ఒక్కరి దగ్గరా లేదు. అందరి దగ్గరా ఫోన్లే ఉన్నాయి. నేను ముందుకు వెళ్ళి నా దగ్గరున్నది తీశాను. ఏ పక్క పైకి పెట్టాలని ఆలోచించనవసరం లేదు. ఎవరు ఎగరేసినా, ఎటు తిప్పినా అతనిదే గెలుపు. గుంట తలను నుదుటికి ఆనించి అతికించాను.

శ్మశానంలో పెద్దాయన ఒకాయన దాన్ని తీసి గుంత తవ్విన మనిషి చేతిలో పెట్టాడు. అది ఇక వెళ్ళిపోతుందని సిద్ధపడ్డాను. బళ్ళారి పెద్దాయన రాసిన అంకె ఒక్కసారి కళ్ళముందు కదిలిన మాట కూడా నిజం. ఆ మనిషి రూపాయిని ఇటు తిప్పాడు. అటు తిప్పాడు. మళ్ళీ ఇటు తిప్పాడు.

“ఇది సెల్లదు సామీ” అన్నాడు. “ఫోన్లో ఏసేయండి.”

ఎవరిదని అడిగితే అందరూ నావైపు చూపించారు. అతను తెచ్చి నా చేతిలో పెట్టి పోయాడు. నాకు నవ్వు వచ్చింది. శ్మశానంలో, అందరి ముందూ, రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాను. దుఃఖమనుకుని ఎవరో నా వీపు నిమిరారు. అదీ నిజమే.

ఇంటికి వచ్చి భూతద్దం కింద పెట్టి చూశాను. ఆ గుంట తలలో, చెవి దగ్గర, మెడ దగ్గర, విభూతి ఎండిపోయి పట్టుకుని ఉంది. కొనేవాడెవడైనా చూస్తే, మచ్చ పడింది కాబట్టి రేటు తగ్గిందంటాడు. నాణేన్ని రుద్దకూడదు, తుడవకూడదు అని ఇరవై రెండేళ్ళ వయసులో ఒక పిచ్చివాడు నిఘంటువు పక్కన పెట్టుకుని నేర్చుకున్నాడు. అలాగే ఉంచి, రుమాలులో చుట్టి, పెట్టెలో పెట్టేశాను.